అడ్డా దగ్గర చదువుల బల్ల వేస్తే దాని మీద ఏముండాలి?

#1 అడ్డామీది_బల్ల

కూలీల అడ్డాలు, బీడీ సెంటర్లు, ఫ్యాక్టరీ గేట్లు. ఈ మూడు చోట్లా వారానికో పూట ఒక బల్ల వేసుకుని కూర్చుని, పిల్లల చదువుకు కావలసిన దరఖాస్తులు, కాగితాలు, ఆఖరు తేదీలు చూసిపెట్టాలని యూనియన్‌లో అనుకుంటున్నారు. "చదివించండి, బాగుపడతారు" అనే ఉపన్యాసం మాత్రం వద్దని ముందే తేల్చేశారు. ఆ మాట తెలియని కూలీ ఎవరూ లేరు.

నా లెక్క ఇది. ఫీజు దాకా పోకముందే చదువు రెండు చోట్ల తెగుతోంది. ఒకటి, పేరులో అక్షరం తేడా దగ్గర. రెండు, ఆఫీసు వేళా కూలి వేళా ఒకటే కావడం దగ్గర. నెలజీతం ఉన్నవాడు గంట పర్మిషన్ పెట్టి తహసీల్ ఆఫీసుకు పోయొస్తాడు. పొద్దున ఎనిమిదింటికి అడ్డా మీద లేనివాడికి ఆ రోజు పనే లేదు. మూడుసార్లు తిప్పితే మూడు రోజుల కూలి పోయినట్టే. ఏ పథకం కాగితంలోనూ ఈ ఖర్చు రాసి ఉండదు.

బల్ల దగ్గర కూర్చునేవాళ్లకు తెలియాల్సినవి రాయండి. తెలంగాణ సంగతో ఆంధ్ర సంగతో చెప్పి రాయండి. రెండూ కలిపేస్తే జనం తప్పు కౌంటర్ దగ్గర నిలబడతారు.

#2 రసీదు_నంబర్

పథకాల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక తెల్లకాగితం తీసుకుని నిలువు గీతలు కొట్టండి. పిల్ల పేరు, పుట్టినతేదీ, తల్లి పేరు, తండ్రి పేరు ఐదు చోట్ల ఎలా ఉన్నాయో పక్కపక్కన రాయండి: జనన ధ్రువపత్రం, ఆధార్, బడి అడ్మిషన్ రిజిస్టర్, బ్యాంకు పాస్‌బుక్, కుల ధ్రువపత్రం. పది నిమిషాల పని. ఐదింటిలో మూడు రకాలుగా ఉండడం మామూలే. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఒకచోట పొడి అక్షరం, ఒకచోట అసలు లేదు. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే ముందు అనుమానించండి. చాలాసార్లు అది నమోదు చేసినవాళ్లు అంచనాకు వేసిన తేదీ.

సరిచేసే వరస తప్పకూడదు. జనన ధ్రువపత్రం ముందు, దాన్ని బట్టి ఆధార్, ఆ తర్వాత బడి, చివర బ్యాంకు. తలకిందులుగా మొదలుపెడితే అన్నీ రెండోసారి చేయాలి. ఆధార్‌లో పేరు రెండుసార్లు మార్చుకోవచ్చు, పుట్టినతేదీ ఒక్కసారే. ఆ ఒక్క అవకాశాన్ని తొందరపడి తప్పు తేదీకి ఖర్చు చేసేస్తున్నారు.

పుట్టుక నమోదే కాకపోతే? 21 రోజుల్లోపు ఉచితం. 30 రోజుల దాకా ఆలస్య రుసుము. ఏడాదిలోపైతే అధికారి రాతపూర్వక అనుమతి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయి ఉత్తర్వు. ఇది పుట్టిన చోట చేయించాలి గానీ ఉంటున్న చోట కాదు. వలస కుటుంబాలు ఇక్కడే దెబ్బతింటాయి.

డబ్బు సంగతి ఇంకొకటి. దరఖాస్తులో ఏ ఖాతా నంబరు రాసినా, ఆధార్ ద్వారా పడే డబ్బు చివరగా ఆధార్‌తో ముడిపడిన ఖాతాకే పోతుంది. బజార్లో ఎవరో శిబిరం పెట్టి కొత్త ఖాతా తెరిపిస్తే, మనిషికి తెలియకుండానే ముడి అటు మారుతుంది. "స్కాలర్‌షిప్ రాలేదు" అని వచ్చేవాళ్లలో కొందరికి డబ్బు పడే ఉంటుంది, వాళ్లు మరిచిపోయిన ఖాతాలో. మై ఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది.

పదో తరగతి పిల్లలుంటే నామినల్ రోల్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) ప్రింటు అడిగి చూడండి. బోర్డుకు పంపేముందు బడిలో చూపించి సంతకం పెట్టిస్తారు. పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టినతేదీ, మాధ్యమం, పుట్టుమచ్చలు, ఒక్కొక్కటీ వేలు పెట్టి చదవాలి. మెమో అచ్చయ్యాక దిద్దుబాటు నెలల తరబడి పని.

#3 హాజరుపట్టీ

సర్కారు బడి పిల్లల్లో అర్హత ఉన్నా అందుకోకుండా పోయే వాటిలో పెద్దది ఎన్‌ఎంఎంఎస్. ఆదాయం తక్కువున్న కుటుంబాల్లోని ప్రతిభ గల పిల్లలకు పరీక్ష పెట్టి కేంద్రం ఇచ్చే సాయం ఇది, 2008లో మొదలైంది. దేశం మొత్తానికి ఏటా లక్ష స్కాలర్‌షిప్‌లు. అందులో ఆంధ్రకు 4,087, తెలంగాణకు 2,921. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000. నాలుగేళ్లకు 48,000.

ఎనిమిదో తరగతిలో పరీక్ష రాయాలి. ఏడులో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ ఎస్టీలకు 50. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. రెండు పేపర్లు, ఒక్కోదానికి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. మొదటిది మెంటల్ ఎబిలిటీ. రెండోదానిలో లెక్కలు 20, సైన్సు 35, సోషల్ 35. రెండూ కలిపి 40 శాతం వస్తే అర్హత, ఎస్సీ ఎస్టీలకు 32. అర్హత వచ్చినంత మాత్రాన ఎంపిక కాదు, కోటాలో పడాలి.

మన పిల్లలు పోగొట్టుకునేది మెంటల్ ఎబిలిటీలో. అందులో తెలివి తక్కువ పడి కాదు. అంకెల వరసలు, అక్షరాల కోడింగ్, అద్దంలో బొమ్మ లాంటివి ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. ట్యూషన్‌కు పోయే పిల్లకు అవి అలవాటైన బొమ్మలు, పోనిదానికి పరీక్ష హాల్లోనే మొదటిసారి. పాత పేపర్లు ఆరేడు తెచ్చి గడియారం పెట్టి రాయిస్తే తేడా తెలుస్తుంది.

ఇక ఎంపికయ్యాక పోగొట్టుకునే దారులు:

పరీక్ష పాసైతే డబ్బు దానంతట అది రాదు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఒకసారి రిజిస్ట్రేషన్ చేసి ఓటీఆర్ నంబరు తీసుకుని, విడిగా దరఖాస్తు పెట్టాలి. దాన్ని బడి ఆమోదించాలి, తర్వాత జిల్లా విద్యాశాఖ. బడి లాగిన్ తెరవకుండా గడువు దాటిపోతే పిల్ల చేయగలిగింది ఏమీ లేదు. కాబట్టి బల్ల దగ్గరివాళ్లు దరఖాస్తు పెట్టి చేతులు దులుపుకోకూడదు. వారం తర్వాత హెడ్‌మాస్టర్‌ను కలవాలి.

ప్రతి ఏడూ రెన్యువల్ ఉంటుంది. పది తర్వాత కొనసాగాలంటే పదిలో 60 శాతం, ఎస్సీ ఎస్టీలకు 55.

అన్నిటికన్నా పెద్ద గండి ఏమిటంటే, ఇది సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదివేవాళ్లకే. భోజనం, వసతి సర్కారే పెట్టే గురుకులాలకు లేదు. ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరితే ఆగిపోతుంది. పదిలో మంచి మార్కులొచ్చిన పిల్లను ప్రైవేటు కాలేజీ ఏజెంటు "ఫీజులో రాయితీ" అని ఎగరేసుకుపోతాడు. ఆ రాయితీలోంచి మిగిలిపోయిన 24,000 తీసేస్తే ఏం మిగులుతుందో తల్లిదండ్రులకు ఎవరూ లెక్కేసి చూపించరు. బల్ల చేయాల్సిన పని అదే.

#4 తునికాకు

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు వాళ్ల కోసం రాస్తున్న. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మికశాఖ ఇచ్చే సాయం ఉంది. అదే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టుకోవాలె. ఒకటి నుంచి నాలుగు దాకా ఏడాదికి 1,000, ఐదు నుంచి ఎనిమిది 1,500, తొమ్మిది పది 2,000, ఇంటర్ 3,000, ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీ 6,000, ఇంజనీరింగు లాంటి వృత్తి కోర్సులకు 25,000. సినిమా కార్మికులకు, కొన్ని గనుల కార్మికులకు కూడా ఇదే పథకం.

కింది తరగతుల మొత్తం చూసి "వెయ్యికి ఇంత తిరుగుడా" అని వదిలేస్తరు. వదలొద్దు. చిన్న తరగతిలో పెట్టినప్పుడే కాగితాల తప్పులు బయటపడతయి. 25,000 అందుకునే ఏడు వచ్చేసరికి కాయితాలన్నీ సరిగ్గ ఉంటయి.

చిక్కు ఎక్కడంటే గుర్తింపు కార్డు దగ్గర. బీడీలు చేసేది తల్లి. కార్డు, పీఎఫ్ పాస్‌బుక్ ఆమె పేరు మీద ఉండాలె, ఆర్నెల్ల సర్వీసు ఉండాలె. చాలా ఇండ్లల్ల అత్త పాస్‌బుక్కు మీద కోడలు చేస్తది, లేకపోతే ఒకరి కార్డు మీద ఇద్దరు చేసి ఆకు, తంబాకు పంచుకుంటరు. టేకేదారుకు (బీడీ కాంట్రాక్టరుకు) కట్టలు లెక్కకు వస్తే చాలు, ఎవరు చుట్టిన్రనేది పట్టదు. పిల్ల దరఖాస్తు పెట్టేటప్పుడు మాత్రం తల్లి కాయితం మీద కార్మికురాలే కాదు. ముందు ఆమె పేరు రిజిస్టర్ల ఎక్కించే పని యూనియన్ చేయాలె. స్కాలర్‌షిప్ దాని వెనకాల వస్తది.

ఇది తీసుకునే పిల్లకు ఇంకో స్కాలర్‌షిప్ ఉండొద్దు. హాజరుపట్టీ సార్ చెప్పిన 12,000 వచ్చే పిల్లకు ఇది పెట్టి రెండూ ఆపుకోవద్దు.

#5 వెనకబెంచి

ఇంతదాకా చెప్పినవన్నీ పిల్లను గుమ్మం దాకా తీసుకుపోయేవే. లోపల జరిగేదాని మాటేమిటి?

పేరెంట్స్ మీటింగు పని రోజున పదకొండింటికి పెడతారు. రానివాళ్లను "శ్రద్ధ లేదు" అని రిజిస్టర్లో వేసుకుంటారు. వచ్చినవాళ్ల సంగతి చూడండి. ప్యాంటు చొక్కా వేసుకొచ్చిన తండ్రితో "మీ బాబు కొంచెం వెనకబడుతున్నాడండీ". లుంగీ మీద వచ్చిన తండ్రితో "నీ కొడుకు చదవడం లేదయ్యా, ఇంట్లో చూడవా". సంగతి ఒకటే, ఒకరికి మీరు, ఒకరికి నువ్వు. ఆ "నువ్వు" పక్కన నిలబడ్డ పిల్లాడు వింటాడు. మర్నాటి నుంచి నాన్నను బడికి రావద్దంటాడు. దీనికి ఏ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి?

హోంవర్కులో "ఇంట్లో పెద్దవాళ్లతో చర్చించి రాయండి" అని ఉంటుంది. పెద్దవాళ్లు రాత్రి ఎనిమిదికి వస్తారు. ప్రాజెక్టు పని అంటే చార్టు, థర్మోకోల్, రంగుల ప్రింటు. మార్కు పడేది పిల్లకా, స్టేషనరీ షాపుకా?

కాగితాలు చూసిపెట్టండి, వద్దనను. వర్గం కాగితాల్లో ఉందనుకుంటే మాత్రం పొరపాటు.

#6 హాజరుపట్టీ

వెనకబెంచి గారూ, నువ్వు-మీరు సంగతి నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. దానికి మందు ఉంది, చిన్నదే. తల్లిదండ్రులతో ఎవరొచ్చినా "అండీ, మీరు" అని స్టాఫ్ మీటింగులో ఒక్క తీర్మానం. పైసా ఖర్చు లేదు. హెడ్‌మాస్టర్ పాటిస్తే మిగతావాళ్లు పాటిస్తారు.

మీటింగు వేళ గురించి. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు. ఆ కమిటీ అడిగితే మీటింగు సాయంత్రం ఆరింటికో, కూలి లేని రోజునో పెట్టించవచ్చు. అడగాలన్న సంగతి వాళ్లకు ఎవరూ చెప్పరు, అంతే.

ప్రాజెక్టుల మీద నా మాట వేరు. వాటిని తీసేయనక్కర్లేదు, మార్చాలి. ఉదాహరణకు ఏడో తరగతి నిష్పత్తులు. మేస్త్రీ కొడుక్కి ఇటుక కట్టుబడికి ఒకటికి ఆరు, గిలాబుకు ఒకటికి నాలుగు, స్లాబు కాంక్రీటుకు ఒకటికి ఒకటిన్నర, మూడు అని చెవిన పడుతూనే ఉంటుంది. అదే పిల్లాడు "1:6 నిష్పత్తిలో" అని పుస్తకంలో చూసి గుడ్లు తేలేస్తాడు. రెండూ ఒకటేనని ఎవరూ చూపించకపోవడమే కారణం.

చూపించే పద్ధతి ఇది. 50 కిలోల సిమెంటు బస్తా ఘనపరిమాణం సుమారు 1.25 ఘనపుటడుగులు. ఒకటికి ఆరు అంటే ఇసుక 7.5 ఘనపుటడుగులు. తట్ట కొలత పిల్లలతోనే తీయించండి, ఎన్ని తట్టలో వాళ్లే లెక్క తేలుస్తారు. ఇక్కడ ఒక తప్పు కావాలని చేయించాలి: బస్తాను బరువుతో, ఇసుకను తట్టలతో కొలిపించి "ఇది 1:6 అవుతుందా?" అని అడగాలి. నిష్పత్తికి రెండు వైపులా ఒకే కొలత ఉండాలన్న సంగతి అప్పుడు వంటబడుతుంది. పైథాగరస్‌కు కూడా అంతే. పునాది ముగ్గు వేసేటప్పుడు మూల సరిగ్గా వచ్చిందా అని తాడు మీద మూడడుగులు, నాలుగడుగులు గుర్తుపెట్టి మధ్య దూరం ఐదు ఉందా చూస్తారు. బోర్డు మీద 9 + 16 = 25 రాసే ముందు తాడు పట్టించండి.

#7 వెనకబెంచి

> ఇటుక కట్టుబడికి ఒకటికి ఆరు

మాస్టారూ, పద్ధతి బాగుంది, నాకు భయం వేరేచోట. మేస్త్రీ కొడుక్కి సిమెంటు మాలు లెక్కలు, డాక్టరు కూతురికి జీవశాస్త్రం ఒలింపియాడ్. ఎవరి లెక్కలు వాళ్లకే అని పంచిపెట్టినట్టు కాదా? "నీకు పని తెలుసు కదా" అని మెచ్చుకుంటూనే పనిలోకి తోసేయడం పాత ఎత్తు.

#8 హాజరుపట్టీ

భయం సబబే. అందుకే ఇసుక లెక్క దగ్గర ఆపకూడదు. అదే పీరియడ్‌లో, అదే 1:6ను పటం స్కేలుకు, రసాయన ద్రావణానికి, వడ్డీకి మార్చాలి. తెలిసినదాని మీంచి తెలియనిదానికి పోవాలి. తెలిసినచోటే కూర్చోబెడితే మీరన్నదే నిజమవుతుంది. ఇంకోటి, ఆ తాడు డాక్టరు కూతురి చేతికి కూడా ఇవ్వాలి. ఆమెకు మూల తప్పితే మేస్త్రీ కొడుకు దిద్దాలి.

#9 ఆకురాయి

ఐటీఐ గురించి ఒక్కరూ ఎత్తలేదు, ఊహించిందే. "మార్కులు రానోళ్లు పోయే చోటు" అని పేరు పడింది కదా. ఆఫీసర్ల పిల్లలు అక్కడ లేకపోవడం వల్ల వచ్చిన పేరు అది. పని విలువను బట్టి వచ్చింది కాదు.

పది తర్వాత దారులు ఇలా చెప్పండి. ఐటీఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు. వెల్డర్, కోపా (కంప్యూటర్ ఆపరేటర్) ఏడాది. పాలిటెక్నిక్ మూడేళ్లు, పాలిసెట్ రాయాలి. పదో తరగతి సిలబస్సే, 120 మార్కులు, తప్పుకు కోత లేదు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ నేరుగా రెండో ఏడాదిలో చేరవచ్చు. ఈసెట్ 200 మార్కులు: లెక్కలు 50, ఫిజిక్సు 25, కెమిస్ట్రీ 25, బ్రాంచి సబ్జెక్టు 100. ఇంటర్, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోచింగుల ఖర్చు లేకుండా ఇంజనీరింగుకు పోయే దారి ఇది. మూడేళ్ల డిప్లొమా మధ్యలో ఆపితే మాత్రం చేతిలో ఏమీ ఉండదు. మొదటి ఏడాది జారిపోయేవాళ్లు ఎక్కువగా తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవాళ్లు. లెక్క వస్తుంది, ఇంగ్లిష్‌లో అడిగిన ప్రశ్న అర్థం కాదు. చేరబోయే వేసవిలోనే మొదటి ఏడాది లెక్కల పుస్తకంలోని పదాలు ఒక రెండు వందలు తెలుగు అర్థాలతో రాసి ఇవ్వండి. బల్ల చేయగల పని.

ప్రైవేటు ఐటీఐలో చేర్చేముందు వర్క్‌షాపులోకి వెళ్లి చూడండి. ఆఫీసు గదిలో కూర్చుని మాట్లాడి రావద్దు. ఒక యూనిట్‌కు 20 మంది. బెంచి వైసులు ఎన్నున్నాయి? లేత్‌ను ఒక్కసారి ఆన్ చేసి చూపించమనండి. బెల్టు మీద దుమ్ము మందంగా ఉంటే ఏడాదిగా తిరగలేదన్నమాట. చెత్తపెట్టెలో ఇనప రజను ఉందా? రజను లేని వర్క్‌షాపులో పని జరగదు. ఎన్‌సీవీటీ అనుబంధం (కేంద్ర సర్కారు గుర్తింపు) ట్రేడు వారీగా ఉంటుంది. బోర్డు మీద ఐదు ట్రేడ్లు రాసి ఉండి, అనుబంధం రెండింటికే ఉన్న చోట్లున్నాయి. రాయించుకునే ట్రేడుకు ఉందా అని పోర్టల్‌లో చూడాలి.

పని నేర్పేవాడు ఉన్నాడో లేడో మొదటి నెలలోనే తెలుస్తుంది. ఫిట్టర్‌కు మొదటి వారాలు ఆకురాయి పనే. వైసు దవడలు పిల్లాడి మోచేతి ఎత్తులో ఉండాలి. పొట్టివాడి కాళ్ల కింద చెక్కపలక వేయాలి. వేయకపోతే ఆకురాయి ముందుకూ వెనక్కూ ఊగి, పలక మధ్యలో ఎత్తుగా ఉండి అంచులు అరిగిపోతాయి. మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎత్తి చూస్తే సందులోంచి వెలుగు కనబడుతుంది. వెలుగు ఎటు కనబడిందో అడిగి, ఎందుకు వచ్చిందో పిల్లాడితోనే చెప్పించేవాడు గురువు. "మళ్లీ రుద్దు" అని వెళ్లిపోయేవాడు కాపలాదారు.

ఐటీఐ తర్వాత అప్రెంటిస్ తప్పక చేయించండి. రైల్వేలో అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకు లెవల్ 1 నియామకాల్లో 20 శాతం కేటాయింపు ఉంది. అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకు కొన్ని ట్రేడుల ఐటీఐ అర్హతే. నెలాఖరుకు ఇంటికి ఏం వస్తుందన్నది కార్మిక కుటుంబం అడిగే మొదటి ప్రశ్న, అది తప్పుడు ప్రశ్న కాదు.

#10 రసీదు_నంబర్

తెలంగాణ ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి అందరూ అడిగేదే. బీసీ, ఈబీసీలకు ఆదాయ పరిమితి పల్లెల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. ఇప్పుడు లెక్క వేయండి. భర్త రోజుకు 600 చొప్పున 200 రోజులు, 1,20,000. భార్య 400 చొప్పున 150 రోజులు, 60,000. మొత్తం 1,80,000. పల్లెలో ఉంటే గీత దాటేశారు! ఏడాదిలో ఐదు నెలలకు పైగా పనిలేని మనుషులు వీళ్లు. దరఖాస్తులో రోజుకూలీని 365తో గుణించి రాసేవాళ్లను కళ్లారా చూడొచ్చు. దొరికిన పనిదినాలే రాయాలి, నిజంగా దొరికినవే. ఉన్నదాన్ని దాచమని కాదు, లేనిదాన్ని ఎక్కించుకోవద్దని.

బీటెక్‌లో బీసీ, ఈబీసీలకు ఈఏపీసెట్ ర్యాంకు 10,000 లోపైతే పూర్తి ఫీజు. దాటితే మామూలుగా 35,000 వరకే, మిగతాది ఇంటివాళ్లే కట్టాలి. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందు ఒక్కో కాలేజీ ఫీజులోంచి 35,000 తీసేసి, మిగిలింది నాలుగుతో గుణించి కాగితం మీద రాసి చూపించండి. "సర్కారే కడుతుంది" అని చేరి రెండో ఏడాది ఆగిపోయేవాళ్లు ఈ గుణకారం ముందు చేయనివాళ్లే. హాజరు 75 శాతం ఉండాలి. సెలవుల్లో తండ్రితో పనికి పోయే పిల్లలు కాలేజీ తెరిచాక కూడా వారం పది రోజులు అక్కడే ఉండిపోతారు, ఆ రోజులు ఇక్కడ కొడతాయి.

సర్కారు బకాయి ఉందని కాలేజీ ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుంటే, 2018లో యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్ ఉంది: ఒరిజినల్స్ సరిచూసి తిరిగి ఇచ్చేయాలి, అట్టిపెట్టుకోకూడదు. నోటిమాటగా అడిగితే పని కాదు. రాసి ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోవాలి.

#11 బట్టీసీజన్

ఇటుకబట్టీల మాట. వలస కుటుంబాలు కార్తీకం దాటాక వచ్చి తొలకరి ముందు వెళ్లిపోతారు. బడి ఏడాది జూన్ నుంచి ఏప్రిల్. అంటే పిల్లల చదువు నట్టనడుమ తెగుతుంది, తిరిగి వెళ్లేసరికి వార్షిక పరీక్షలు అయిపోతాయి.

చేర్చుకోమని బడికి తీసుకుపోతే వినబడేవి మూడు. "టీసీ లేదు." విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. "వయసు కాగితం లేదు." పద్నాలుగో సెక్షన్, అదీ కారణం కాదు. "ఏడాది మధ్యలో కుదరదు." పదిహేనో సెక్షన్, మధ్యలో వచ్చినా చేర్చుకోవాల్సిందే. ఈ మూడు నంబర్లూ ఒక చీటీ మీద పెద్ద అక్షరాల్లో రాసుకుని పోండి. గొడవ పడక్కర్లేదు, చీటీ చూపిస్తే సగం పని అవుతుంది.

నాలుగోది కొత్తగా వచ్చింది: "ఆన్‌లైన్‌లో రావడం లేదు." ప్రతి పిల్లకూ బడుల వివరాలుండే కేంద్ర పోర్టల్ యూడైస్‌లో పెన్ అనే 11 అంకెల నంబరు ఉంటుంది. పాత బడి ఆ పిల్లను డ్రాప్‌బాక్స్‌లోకి వదిలితేనే కొత్త బడి తన లాగిన్‌లోకి లాక్కోగలదు. ప్రైవేటు బడి ఫీజు బాకీ ఉందని వదలదు. పిల్లను ముందు తరగతిలో కూర్చోబెట్టి, హాజరు వేసి, పెన్ గొడవ మండల విద్యాధికారి చూసుకోవాలి. ఊరు వదిలేముందే పెన్ నంబరు, పుట్టినతేదీ ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

పదకొండేళ్ల పిల్లను ఒకటిలో వేస్తామంటే ఒప్పుకోవద్దు. నాలుగో సెక్షన్ ప్రకారం వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చి, మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఇది గాల్లోంచి పుట్టిన ఆలోచన కాదు. 1990లలో రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్ బ్రిడ్జి క్యాంపులు పెట్టి, పనిలోంచి తెచ్చిన పెద్దపిల్లలను ఏకంగా పై తరగతుల్లో చేర్పించారు. పిల్లలు నేర్చుకోలేరన్న వాదన అక్కడే వీగిపోయింది.

పద్నాలుగు దాటినవాళ్లకు ఈ చట్టం లేదు. వాళ్లకు ఓపెన్ స్కూల్. పదికి కనీస వయసు 14. ఐదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు, ఒక్కో సబ్జెక్టూ విడిగా గట్టెక్కవచ్చు. సీజన్ పనివాళ్లకు సరిపోయే ఏర్పాటు. బడి మానేసిన ఆడపిల్లైతే ముందు కస్తూర్బా విద్యాలయంలో అడగండి, మధ్యలో మానేసినవాళ్లకు, తల్లిదండ్రులు లేనివాళ్లకు అక్కడ ప్రాధాన్యం.

#12 గేటు_సైరన్

రెండు చిన్న సంగతులు. జీతంలో ఈఎస్ఐ కోత పడుతున్న సెక్యూరిటీ గార్డు, హోటల్ కార్మికుడు, ఫ్యాక్టరీ కార్మికుడు ఎవరైనా సరే: సనత్‌నగర్‌తో సహా ఈఎస్ఐ మెడికల్ కాలేజీల్లో బీమా ఉన్న కార్మికుల పిల్లలకు విడిగా సీట్లున్నాయి. నీట్ రాయాలి, "వార్డ్ ఆఫ్ ఐపీ" (బీమా ఉన్న కార్మికుడి బిడ్డ) సర్టిఫికెట్ తీసుకోవాలి. చందా ఎన్నాళ్లుగా కట్టారన్నది చూస్తారు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త నంబరు తీయిస్తే పాత సర్వీసు విడిపోతుంది. ఒకే నంబరు కొనసాగించమని గేటు దగ్గరే చెప్పండి.

ఆంధ్రలో ప్రైవేటు బడి ఒకటో తరగతిలో 25 శాతం ఉచిత సీట్లు: అనాథలు, హెచ్‌ఐవీ బాధితుల పిల్లలు, దివ్యాంగులకు 5, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, మిగతా బలహీనవర్గాలకు 6. సీటు ఉచితమే. బస్సు, బూట్లు, వార్షికోత్సవం డ్రెస్సు ఎవరి జేబులోంచి అన్నది చేరేముందు రాతపూర్వకంగా అడగాలి.

#13 అడ్డామీది_బల్ల

అందరికీ దండాలు. చీటీ, ఐదు గళ్ల కాగితం, పెన్ నంబరు ఫోటో, తల్లి పేరు రిజిస్టర్లో ఎక్కించడం, అన్నీ రాసుకున్నాం. వెనకబెంచి గారు ఎత్తిన, హాజరుపట్టీ గారు చెప్పిన నువ్వు-మీరు తీర్మానం మా మండలం బడులన్నిటికీ యూనియన్ లెటర్‌హెడ్ మీద పంపుతున్నాం. ఆఖరు ప్రశ్న. బల్ల ఎప్పుడు వేయాలి? ఆదివారం పగలు అనుకుంటున్నాం.

#14 రసీదు_నంబర్

ఆదివారం పగలు పనికిరాదు అన్నా. తల్లీపిల్లా వస్తారు. ఆధార్‌కు ముడిపెట్టిన ఫోన్ తండ్రి జేబులో సెంట్రింగ్ మీద ఉంటుంది. ఓటీపీ అక్కడికి పోతుంది. ఆయన చేతులకు సిమెంటు, ఫోన్ ఎత్తడు, పది నిమిషాల్లో ఓటీపీ గడువు తీరిపోతుంది. అడ్డా అయితే పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది, మేస్త్రీ వచ్చి పిలిచేదాకా మనిషీ ఫోనూ ఒకేచోట ఉంటారు. బీడీ సెంటర్ అయితే కట్టలు అప్పగించే వేళ. ఫ్యాక్టరీ అయితే షిఫ్టు దిగే అరగంట. ఒక పవర్‌బ్యాంకు, రెండు రకాల ఛార్జింగ్ వైర్లు బల్ల మీద పెట్టుకోండి. ఫోన్ ఉంటుంది, చాలాసార్లు అందులో ఛార్జింగే ఉండదు.